ఎంపీ గారు అడుగు పెట్టని ఊరు

నా స్నేహితురాలు నీలవేణి పార్లమెంటుకు ఎన్నికైందని టీవీలో చూసినప్పుడు నాకు నమ్మకం కుదరలేదు. పక్కింటావిడను పిలిచి, "కింద వస్తున్న ఆ పేరు కాస్త చదవండి" అని అడిగాను. విశాఖలో చదువుకునే రోజుల్లో మేమిద్దరం మూడేళ్ళు ఒకే హాస్టల్ గదిలో ఉన్నాం. మెస్ కమిటీ ఎన్నికలో నిలబడితే ఆమెకు నాలుగు ఓట్లు పడ్డాయి. ఒకటి నాది, ఒకటి ఆమెది. మిగిలిన రెండూ ఎవరివో తెలుసుకోవాలని ఇప్పటికీ వెతుకుతూనే ఉంది.

"ఢిల్లీలో నేనేం చేస్తానో టీవీలో చూస్తున్నావు. ఊళ్ళలో ఏం చేస్తానో చూద్దువుగాని, రాయే" అని మూడేళ్ళుగా పిలుస్తూ వచ్చింది. తెనాలి కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పినన్నాళ్ళూ నాకు కుదరలేదు. రిటైరయ్యాక కుదరదని చెప్పడానికి సాకు దొరకలేదు. ఈ ఎండాకాలం మొదట్లో, పార్లమెంటు సమావేశాలకు విరామం వచ్చినప్పుడు, మూడు రోజులకని బయలుదేరాను. ఉద్దానం అంటే కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్ల మధ్య సముద్రం ఒడ్డున ఉండే చల్లటి ప్రాంతమని పాఠాల్లో చెప్పేదాన్ని. చెట్ల వరకు నేను చెప్పింది నిజమే.

పలాస

స్టేషన్లో నన్ను తీసుకెళ్ళడానికి నీలవేణి పీఏ సన్యాసిరావు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, చెవికి ఒకటి, చేతిలో ఒకటి చొప్పున రెండు ఫోన్లతో ఉంటాడు. నా చిన్న పెట్టెను చూసి నిరాశపడ్డాడు. సామాను మోయడానికి ముగ్గురు మనుషుల్ని వెంట తెచ్చాడట. ఆ ముగ్గురూ వంతులవారీగా ఆ పెట్టెను కారు దాకా మోశారు.

కారు వెనక సీటు నిండా శాలువాలు. సన్మానాల్లో కప్పినవి. వాటి మీద వాడిపోయిన దండలు, కాళ్ళ దగ్గర కొబ్బరికాయలు. నేను శాలువాల మీదే కూర్చున్నాను. ఆ మూడు రోజులూ నాకు అదే ఆసనం.

నీలవేణి ఒక జీడిపప్పు కార్ఖానాలో ఉందని అక్కడికే తీసుకెళ్ళాడు. కాల్చిన పిక్కల వాసన వీధి చివరనుంచే ముక్కుకు తగిలింది. లోపల వరసలుగా ఆడవాళ్ళు కూర్చుని పిక్కల్ని కొడుతున్నారు. జీడి రసం అంటి వేళ్ళు నల్లబడకుండా చేతులకు బూడిద రాసుకున్నారు. రాసుకున్నా నల్లబడనే నల్లబడ్డాయి. వాళ్ళ మధ్య పీట మీద నీలవేణి కూర్చుని ఉంది. జుట్టు సగం నెరిసింది, కళ్ళజోడు వచ్చింది, మోకాళ్ళు పోయాయి. నన్ను చూసి అక్కడినుంచే అరిచింది.

"ఏటే శారదా, అలాగే ఉన్నావు! పీట తెచ్చుకుని కూకో."

ఒక కార్మికురాలు అర్జీ ఇస్తోంది. కాగితం లేదు, నోటితోనే. "అమ్మా, మా అల్లుడికి ఎప్పుడు ఫోన్ సేసినా బిజీ అంటాది. నువ్వొకసారి సేసి అడుగు."

నీలవేణి అక్కడికక్కడే ఫోన్ చేసింది. నిజంగానే బిజీ వచ్చింది. సన్యాసిరావు దాన్ని రాసుకున్నాడు. అతని సంచికి మూడు అరలు. మొదటిది మన పని, రెండోది మన పని కానిది, మూడోది ఎవరి పనీ కానిది. అల్లుడు మూడో అరలోకి వెళ్ళాడు. మూడు రోజుల్లో నేను చూసినంతవరకు బాగా ఉబ్బింది ఆ అరే.

బయటికొస్తూ జీడిపప్పు కొందామని పక్క దుకాణంలో ధర అడిగాను. "రెండొందల నలభై ఉన్నాది, మూడొందల ఇరవై ఉన్నాది, ఏది కావాలమ్మా?" అన్నాడు. మా తెనాలి ధరలతో పోల్చుకుని ఇంత చవకా అని మురిసిపోయి, రెండొందల నలభైది మూడు కిలోలు కట్టమన్నాను. బిల్లు చూస్తే కిలో తొమ్మిది వందల పైమాటే. ఆ అంకెలు ధరలు కావట, పప్పు సైజులట. ఒక పౌను బరువుకు ఎన్ని గింజలు తూగుతాయో ఆ లెక్క. అంకె పెరిగేకొద్దీ గింజ చిన్నది, ధర తక్కువ. నలభై ఏళ్ళు విత్తనాల గురించి పాఠం చెప్పిన దాన్ని, కట్టిన పొట్లం విప్పించలేక డబ్బు కట్టేశాను.

టెక్కలి

ఆ రోజు టెక్కలిలోనూ చుట్టుపక్కలా నాలుగు పెళ్ళిళ్ళు. ఎంపీ ఒక పెళ్ళికి వెళ్ళి ఇంకో పెళ్ళికి వెళ్ళకపోతే అది రెండు కుటుంబాల మధ్య తగువు. వెళ్ళి భోజనం చేయకపోతే ఇంకో తగువు. నాకీ సంగతి ఎవరూ ముందు చెప్పలేదు. మొదటి పెళ్ళిలోనే పనసకాయ కూర, ఆవ పెట్టిన అరటికాయ, బెల్లం వేసిన గుమ్మడికాయ పులుసు మారు అడిగి మరీ తిన్నాను. మా వైపు పులుసులో బెల్లం వేస్తే వంటవాణ్ణి పిలిచి కారణం అడుగుతారు. ఇక్కడ వేయకపోతే అడుగుతారట. తిన్నాక నాకూ ఇక్కడివాళ్ళదే న్యాయమనిపించింది.

రెండో పెళ్ళిలో కాస్త తిన్నాను. మూడో పెళ్ళిలో ఆకు ముందు కూర్చుని నీలవేణి వైపు దీనంగా చూశాను. ఆవిడ ఎడమపక్క మనిషితో మాట్లాడుతూ పప్పన్నం కలుపుతోంది. కుడిపక్క మనిషితో మాట్లాడుతూ కలుపుతోంది. ఎదురుగా నిలబడ్డ పెళ్ళికొడుకు తండ్రిని కుశలం అడుగుతూ కలుపుతోంది. ఒక్క మెతుకూ నోట్లోకి పోలేదు. లేచేసరికి ఆ పెద్దమనిషి, "అమ్మగారు కడుపునిండా తిన్నారు" అని సంతోషంగా చెప్పుకుంటున్నాడు.

"ఇది ఎవరు నేర్పారే?" అన్నాను కారులో.

"ఎన్నికలప్పుడు పన్నెండు కిలోలు పెరిగాను. ఆ తరువాత నేనే నేర్చుకున్నాను."

నాలుగో పెళ్ళిలో పెళ్ళికొడుకు నానమ్మ అరుగు మీద చుట్ట కాలుస్తోంది. నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుని కాలుస్తోంది. అడ్డపొగ అంటారు, ఈ జిల్లాలో పెద్ద వయసు ఆడవాళ్ళకు అలవాటని విన్నాను కాని చూడడం అదే మొదలు. నాలుక ఎందుకు కాలదో ఎంత చూసినా అర్థం కాలేదు. నోట్లో నిప్పు పెట్టుకునే ఆమె నీలవేణిని అడిగింది.

"నువ్వెవలమ్మా?"

"ఎంపీని, మామ్మా."

"అంటే ఏటి సేత్తావు?"

"ఢిల్లీలో కూకుని మీ కోసం మాటాడతాను."

ముసలావిడ కాసేపు పొగ పీల్చి ఆలోచించింది. "అక్కడ మాటాడితే ఇక్కడికి ఇనిపిత్తాదేటి?" అంది.

ఆ రాత్రి టెక్కలిలో నీలవేణి ఇంట్లో జీలకర్ర నీళ్ళు తాగి పడుకున్నాం.

భావనపాడు

రెండో రోజు పొద్దున్నే భావనపాడు వెళ్ళాం. రేవులో పడవలు అప్పుడే వచ్చాయి. ఇసుక మీద పరిచిన వలల పక్కన చేపల్ని వరసగా ఎండబెడుతున్నారు. వాసన గురించి చెప్పను. కాసేపటికి అలవాటైపోతుంది, ఆ తరువాత మనకే అంటుకుంటుంది. ఇంటికి వచ్చాక నా పెట్టె రెండు రోజులు పెరట్లోనే ఉంది.

నీలవేణిని చూడగానే చేపలమ్మే ఆడవాళ్ళు చుట్టుముట్టారు. మా వైపు నాయకుల కారుకు ముందు నాలుగు కార్లు, వెనక నాలుగు కార్లు ఉంటాయి. జనం దూరం నుంచి దండం పెడతారు. ఇక్కడ ఒకామె ఎంపీ గడ్డం పట్టుకుని, "సిక్కిపోనావేటమ్మా, ఢిల్లీలో కూడు దొరకదేటి?" అంది. ఇంకొకామె ఆమె చేతిలో బతికున్న పీతను పెట్టి ఫోటో తీయించుకుంది. ఫోటో అయ్యేదాకా నీలవేణి నవ్వు చెదరలేదు. అయ్యాక చూస్తే వేలికి రక్తం.

నేను అలల దగ్గరికి వెళ్ళాను. ఒక కెరటం వచ్చి నా ఎడమకాలి చెప్పు తీసుకుపోయింది. పట్టుకుందామని వంగితే రెండోది వచ్చి నన్ను కూర్చోబెట్టింది. నలుగురు జాలర్లు నన్ను లేవదీశారు. చెప్పు మాత్రం దొరకలేదు.

నన్ను లేవదీసినవాళ్ళలో ఒక పెద్దాయన తడిచేతులతోనే నీలవేణి ముందుకొచ్చి అర్జీ పెట్టాడు. "సముద్రం ఏటేటా మా ఇళ్ళ కాడికి వచ్చెత్తాంది తల్లీ. దాన్ని కొంచెం ఎనక్కి జరిపించు."

ఎవరూ నవ్వలేదు. ఆయన ఇల్లు ఇదివరకు ఎక్కడుండేదో నీళ్ళలోకి చెయ్యి చూపించాడు. నీలవేణి చాలాసేపు అటే చూసింది. సన్యాసిరావు "సముద్రం, వెనక్కి" అని రాసుకుని, ఏ అరలో పెట్టాలో తెలియక కాగితం చేత్తోనే పట్టుకున్నాడు.

మధ్యాహ్నం ఒక జాలరి ఇంట్లో చందువ చేప పులుసు పెట్టారు. గుంటూరు మిర్చికి అలవాటు పడ్డ నా నాలుకకు మొదట చప్పగా తోచింది. రెండో ముద్దకు చేప రుచి తెలిసింది. మా వైపు నేను ఇన్నేళ్ళు తిన్నది కారమేనని అప్పుడు అర్థమైంది.

సోంపేట

మధ్యాహ్నం సోంపేట బయలుదేరాం. తీరం వెంబడి తోటల మధ్య లోపలి దారి. కొబ్బరి నీడ, జీడిచెట్ల కింద రాలిన పసుపూ ఎరుపూ పండ్లు, గాలిలో పులిసిన తీపి వాసన. ఒకచోట "గుల్లలపాలెం 2 కి.మీ." అని బోర్డు కనిపించింది. డ్రైవరు ఎవరూ చెప్పకుండానే ఎడమకు తిప్పాడు. గతుకుల మట్టిదారిలో అరగంట తిరిగి మళ్ళీ అదే రోడ్డెక్కాం. దారిలో ఒక రైతు ఇంట్లో నీలవేణి కళ్ళజోడు మరచిపోయింది. వెనక్కి వెళ్ళాం, మళ్ళీ మట్టిదారి. తిరిగి వచ్చాం, మళ్ళీ మట్టిదారి. నా నడుము విరిగింది.

"ఆ ఊరి మీదుగా తిన్నగా పోవచ్చు కదా?" అన్నాను.

సన్యాసిరావు ఏ ఫోనూ మోగకుండానే "హలో" అన్నాడు.

సోంపేటలో ఒక కొబ్బరి వ్యాపారి ఇంటి ఆవరణలో నీలవేణి అర్జీలు తీసుకోవడానికి కూర్చుంది. తెలుగులో మొదలుపెట్టి ఒడియాలో ముగించేవాళ్ళు కొందరు. నీలవేణి రెండింటికీ తలాడించింది. అందరి చేతుల్లోనూ కాగితాలు. ఒక యాభై అయిదేళ్ళ ఆడమనిషి మాత్రం ఖాళీ చేతులతో వరసలో నిలబడింది. తన వంతు వచ్చాక చెప్పింది.

"గుల్లలపాలెం దాలమ్మనమ్మా. నాకు కాగితం నేదు. ఒక్క మాట కావాల. మా ఊల్లో పాసింజరు బండి ఆగుతాదా, ఆగదా?"

నీలవేణి చేతిలోని అర్జీని పక్కన పెట్టింది.

"మా ఆయన కూర్మారావుకి కిడ్నీలు పోనాయి. వారానికి మూడుమాట్లు రగతం కడిగించుకోడానికి పలాస ఎల్లాల. తెల్లారగట్ల ఆటోవోణ్ణి బతిమాలుకోవాల. బండి ఆగితే ఊల్లోనే ఉండిపోతాం. ఆగదంటే కొబ్బరితోట అమ్మీసి పలాసలో అద్దెకి దిగిపోతాం. కొనేవోడు వచ్చున్నాడు, ఈ వారంలో సెప్పీమంటన్నాడు. అందుకని అడుగుతన్నాను."

"పరిశీలనలో ఉందమ్మా" అన్నాడు సన్యాసిరావు గబగబా.

"అది మూడేళ్ళనుంచి ఇంటన్నాను బాబూ. నీ మాట కాదు, అమ్మ మాట కావాల."

నీలవేణి పక్కనున్న కొబ్బరికాయల గుట్ట వైపు చూసింది. "సూద్దాం, దాలమ్మా" అంది.

"సరే తల్లీ" అని దాలమ్మ వెళ్ళిపోయింది. కోపంగా అయినా వెళ్ళలేదు. నాకు అదే కష్టంగా అనిపించింది.

సాయంత్రం ఆ వ్యాపారి ఇంటి వసారాలో కూర్చున్నప్పుడు సంగతంతా బయటపడింది. నీలవేణే చెప్పింది. ఎన్నికలప్పుడు గుల్లలపాలెంలో లారీ మీద నిలబడి ప్రసంగించింది. ఊరి పక్కనుంచే రైలు పోతుంది కాని ఆగదు. ఆగేలా చేస్తానంది. జనం ఈలలు వేశారు. "ఈలలు వింటే నాకు ఒళ్ళు తెలీదే శారదా. ఆ పాసింజరు దిగే మీ ఊళ్ళోకి వస్తాను, అందాకా ఈ ఊరి మట్టి తొక్కను అనేశాను."

"ఆ తరువాత?"

"తిరిగాను. ఢిల్లీలో ఎక్కని మెట్టు లేదు. అటూ ఇటూ ఉన్న స్టేషన్లు మరీ దగ్గరట, ఆపడం కుదరదట. కిందటి నెల ఆఖరి ఉత్తరం వచ్చింది. ఇక రాదే. ఎప్పటికీ రాదు."

"మరి ఇందాక ఆవిడకి ఆ మాట చెప్పచ్చు కదా?"

"నోరు రాలేదు."

మెస్ కమిటీ ఎన్నికలో రోజూ కోడికూర పెట్టిస్తానని చెప్పిన సంగతి గుర్తు చేశాను. "అందుకే నాలుగే పడ్డాయి. అప్పటి ఆడపిల్లలు తెలివైనవాళ్ళు" అంది. నవ్వబోయి నవ్వలేకపోయింది. నేను కాస్త కటువుగానే చెప్పాను. నువ్వు సూద్దాం అన్నావని ఆవిడ ఇంకో ఏడాది ఆ ఆటోవాణ్ణి బతిమాలుకుంటూ కూర్చుంటుంది, రేపే వెళ్ళి చెప్పు అన్నాను.

"ఎలా వెళ్ళను? మట్టి తొక్కనన్నాను కదా!"

అప్పుడు సన్యాసిరావు మెల్లగా దగ్గాడు. "మేడమ్, పలాసలో లైను ఖాళీ లేక పొద్దుటి పాసింజరు రోజూ గుల్లలపాలెం సిగ్నల్ కాడ ఆగుతాదండి. అయిదు నిమిషాలు, ఒక్కోమాటు పది. కాళ్ళు గట్టిగా ఉన్న ఊరోళ్ళు అక్కడే కంకర మీదికి దూకి దిగిపోతుంటారు. రేపు మీరూ దిగీసారంటే, బండి దిగినట్టే కదండీ."

దిగాక ఊరికి నిజం చెబుతానని నీలవేణి అంటే సరేనన్నాను.

పాసింజరు బండి

మూడో రోజు పొద్దున సోంపేటలో పాసింజరు ఎక్కాం. సన్యాసిరావు చంకలో ఒక చెక్కపీట. ఎత్తు నుంచి కంకర మీదికి దిగాలంటే నీలవేణి మోకాళ్ళు ఒప్పుకోవని వ్యాపారి ఇంటినుంచి అడిగి తెచ్చాడు. పెట్టెలో అందరూ ఎంపీని గుర్తుపట్టి సర్దుకు కూర్చున్నారు. శనగలు అమ్మేవాడు అందరికీ తలో పొట్లం ఇచ్చి డబ్బులు సన్యాసిరావును అడిగాడు.

గుల్లలపాలెం దగ్గర పడగానే నీలవేణి చీర కుచ్చిళ్ళు దోపుకుని తలుపు దగ్గర నిలబడింది. వెనక నేను. నా వెనక పీటతో సన్యాసిరావు. బండి నెమ్మదించింది. తోటల మధ్యనుంచి డప్పులు వినిపించాయి. నేను వెనక్కి చూశాను.

"ఊరికి కబురు పెట్టావా?"

"ఎంపీ గారు మొదటిసారి దిగుతుంటే ఎలా పెట్టకుండా ఉంటానండి?" అన్నాడు.

పట్టాల పక్కన ఊరు ఊరంతా ఉంది. డప్పులు, దండలు, హారతి పళ్ళెం. దాలమ్మ కూడా ఉంది, ఒక పక్కగా. బండి ఇంకా నెమ్మదించింది. నీలవేణి ఒక కాలు మెట్టు మీద పెట్టింది. అప్పుడు ఇంజను ఒక్క కూత వేసింది. మూడేళ్ళలో ఏనాడూ లేనిది ఆ రోజు పచ్చదీపం వెలిగి ఉంది. బండి వేగం అందుకుంది. అలవాటు కొద్దీ నీలవేణి రెండు చేతులూ జోడించింది. డప్పులవాళ్ళు ఆపడమా కొట్టడమా తేల్చుకోలేక కొడుతూనే ఉన్నారు. చేతులు జోడించిన ఎంపీ ఊరందరి ముందు నుంచి, ఊరేగింపులో విగ్రహంలాగా, సాగిపోయింది. ఎవరో గురి చూసి దండ విసిరారు. అది శనగలవాడి మెడలో పడింది.

పలాస దాకా ఎవరమూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

షేర్ ఆటో

పలాసలో దిగాక సన్యాసిరావు, "రేపు మళ్ళీ ప్రయత్నిద్దామాండి? పీట ఉంది" అన్నాడు.

"సన్యాసీ, ఆ పీట ఇక్కడే ఒగ్గీ" అంది నీలవేణి. కారు సోంపేటలోనే ఉండిపోయింది. ఆవిడ తిన్నగా స్టేషన్ బయటికి నడిచి గుల్లలపాలెం వైపు పోయే షేర్ ఆటో ఎక్కింది. తలకీ ముఖానికీ చీర కొంగు చుట్టుకుంది. దుమ్ము కోసమో, ఇంకెందుకో అడగలేదు. మొత్తం పదకొండు మందిమి. సన్యాసిరావు సగం బయటే ఉన్నాడు.

నా ఎదురుగా కూరగాయల గంప పెట్టుకున్న ఆడమనిషి ఫోన్లో మాట్లాడి, పెట్టేసి, పక్కామెతో చెప్పింది. "ఇన్నావేటే? గుల్లలపాలెంలో ఇయాల ఎంపీ దిగుతాదని డప్పులు కట్టినారంట. బండి ఆగనేదంట. దండం ఎట్టుకుంటా ఎల్లిపోనాదంట!"

ఆటో మొత్తం నవ్వింది. డ్రైవరు నవ్వు ఆపుకోలేక ఒకసారి బండి ఆపాడు. కొంగు చాటున నీలవేణి భుజాలు కదిలాయి. ఆమె గొంతు మార్చి అడిగింది. "ఆవిడెలాంటి మనిషమ్మా?"

"మడిసి మంచిదే. మా అక్క కొడుక్కి ఆస్పత్రిలో సాయం సేసినాది. కాకపోతే బండీ ఆగదు, ఆయమ్మ మాటా ఆగదు."

నీలవేణి కొంగు తీసేసింది. గంపావిడ నోరు తెరిచి, మూసి, గంపలోంచి రెండు మంచి వంకాయలు ఏరి నీలవేణి ఒళ్ళో పెట్టింది.

గుల్లలపాలెం

ఊరి మొదట్లో ఆటో ఆగింది. జీడిచెట్టు నీడలో డప్పులవాళ్ళు పేకాడుతున్నారు. మమ్మల్ని చూసి కంగారుగా లేచి కొట్టడం మొదలుపెట్టారు. నీలవేణి చెయ్యెత్తి ఆపింది. ఆటో దిగి, మట్టిలో కాలు పెట్టి, అక్కడే నిలబడింది. నిమిషంలో జనం చేరారు.

"నేను తొక్కనన్న మట్టి తొక్కినాను. మాట తప్పినాను" అంది. "బండి ఇక్కడ ఆగదు. నెల కిందట ఉత్తరం వచ్చినాది. నిన్న దాలమ్మ అడిగితే సెప్పడానికి నోరు రానేదు. ఇప్పుడు సెప్తన్నాను. ఆగదు. దాని కోసం ఎవలూ ఎదురు సూడొద్దు."

ఇన్ని మాటలు ఆమె ఏ కాగితమూ చూడకుండా, ఏ ఈలా లేకుండా చెప్పింది. వెనకనుంచి దాలమ్మ గొంతు వినిపించింది.

"అయితే తోట అమ్మీమంటావా అమ్మా?"

"అది నేను సెప్పలేను దాలమ్మా. బండి రాదన్నదే నాకు తెలుసు."

అప్పుడు నేను అనుకోనిది జరిగింది. బండి రానందుకు కాదు, ఆ తరువాత జరిగినదానికి జనానికి కోపం వచ్చింది. ఒక పెద్దాయన ముందుకొచ్చాడు. "సరే, బండి పోనాది. మరి దాని బదులు ఏటిత్తావు?"

"సెప్పను."

"బస్సు ఏయిత్తానని సెప్పు."

"సెప్పను బాబాయ్."

"పోనీ, సూత్తాననైనా సెప్పు."

"మూడేళ్ళు అదే సెప్పినాను. ఇంక సెప్పను. తెచ్చినాక సెప్తాను."

"ఒక్క మాట ఇచ్చీడానికి నీ సొమ్మేటి పోతాది?" అని ఒకామె అరిచింది. ఇంకొకతను రోడ్డు అన్నాడు, మరొకతను కొళాయి అన్నాడు. చేపల బేరంలాగా అందరూ ఒక్కసారి అరుస్తున్నారు. ఎంపీ దగ్గరనుంచి ఏదో ఒక వాగ్దానం లాగాలని ఊరు పట్టుపట్టింది. ఆమె రెండు పెదాలూ బిగించి అడ్డంగా తలాడిస్తూ నిలబడింది. రెండుసార్లు నోరు తెరవబోవడం చూశాను. రెండుసార్లూ మూసుకుంది. ఆమెను ఎరిగినదాన్ని కనుక చెబుతున్నాను, అది చాలా కష్టపడి చేసిన పని.

"మాటైనా ఇయ్యని ఎంపీ మాకెందుకేటి?" అని పెద్దాయన విసురుగా వెళ్ళిపోయాడు. సన్యాసిరావుకు కన్నీళ్ళు ఒక్కటే తక్కువ.

దాలమ్మ జనాన్ని తప్పించుకుని వచ్చి నీలవేణి చెయ్యి పట్టుకుంది. "ఒగ్గీండర్రా, ఎండలో నిలబెట్టి. నాకు కావలసిన మాట నాకొచ్చినాది" అని మమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళింది. కూర్మారావు వసారాలో మంచం మీద ఉన్నాడు. చేతికి కట్టు, కాళ్ళకు వాపు. "బండి బాగా పోనాదమ్మా, ఇయాల అసలు లేటు నేదు" అన్నాడు. నవ్వాడు కూడా.

దాలమ్మ చోడి అంబలి, పచ్చి ఉల్లిపాయ ఇచ్చింది. మా వైపు రాగులంటారు, ఇక్కడ చోళ్ళు. ఆయనకి డాక్టరు నీళ్ళు కూడా కొలిచే తాగమన్నాడని, ఆయన ఎదురుగా తాగొద్దని మమ్మల్ని వంటింట్లో కూర్చోబెట్టింది. నీలవేణి ఒక చెంబు తాగి రెండోది అడిగింది. తాగుతూ అడుగుతూనే ఉంది. ఎన్నింటికి బయలుదేరుతారు, ఎక్కడ ఎక్కుతారు, చుట్టుపక్కల ఊళ్ళనుంచి ఇలా వెళ్ళేవాళ్ళు ఎవరెవరు, తిరిగి వచ్చేటప్పుడు కూర్చోగలరా, పడుకోవాలా. దాలమ్మ ఒక్కొక్క పేరూ చెప్పింది. సన్యాసిరావు ఆ కాగితం మడిచి, "ఏ అరలో పెట్టమంటారండి?" అని అడిగాడు.

"నా చేతికియ్యి" అంది నీలవేణి.

నేను ఆ సాయంత్రమే పలాసలో బండెక్కి తెనాలి వచ్చేశాను. స్టేషన్లో నీలవేణి నాతో ఏమీ అనలేదు. బస్సనీ అనలేదు, చూస్తాననీ అనలేదు. నేనూ అడగలేదు.

తెనాలి

నెలన్నర తరువాత ఒక పొద్దున దాలమ్మ ఫోన్ చేసింది. ఆ రోజు నా నంబరు గోడ మీద బొగ్గుతో రాసుకుంది.

"బస్సొచ్చినాదమ్మా. సోంపేటలో బయలెల్లి మా ఊరి మీద నుంచి పలాస ఆస్పత్రి గుమ్మం దాకా. తెల్లారి అయిదింటికి మా ఊల్లో ఆగుతాది."

"ప్రారంభోత్సవం బాగా చేశారా?"

"ఏటి సేయడం? డప్పు నేదు, రిబ్బను నేదు, ఆయమ్మ ముందు ఒక్క మాట సెప్పనేదు. ఒకరోజు తెల్లారి లేచేసరికి బస్సు నిలబడున్నాది. మా ఊరోళ్ళకి అదే కోపం."

"తోట అమ్మేశారా?"

"నేదు. కొనడానికొచ్చినోడికి బొండాం కొట్టిచ్చి పంపించీసినాను."

నీలవేణి ఎలా ఉందని, ఆ వైపు వచ్చిందా అని అడిగాను.

"వచ్చినాది. నిన్న సెప్పాపెట్టకుండా సోంపేటలో మా బస్సెక్కినాది. పలాస దాకా నిలబడే వచ్చినాది, కమ్మీ పట్టుకుని."

"అదేమిటి? దాని మోకాళ్ళు అసలే బాగాలేవు. ఎవరూ లేచి సీటివ్వలేదా?"

దాలమ్మ గొంతులో నిజంగా ఆశ్చర్యం వినిపించింది.

"ఎందుకిత్తామమ్మా? కూకున్నోల్లంతా రగతం కడిగించుకోడానికి ఎల్తన్నోల్లే. ఆయమ్మకేటి, గట్టిగానే ఉన్నాది."